పేడకుప్పలో పుట్టినదాన్ని

నేను కొత్తవలస దగ్గర ఒక పేడకుప్పలో పుట్టాను. నేనో బ్యాక్టీరియాను, పేరు సూడోమోనాస్. మా జాతిలో ఒకటి చీలి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. తల్లెవరో పిల్లెవరో మాకే తెలియదు. చమురు తినేలా మావాళ్లను తీర్చిదిద్దిన ఆనంద మోహన్ చక్రవర్తికి పేటెంట్ ఇవ్వవచ్చని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నాకలాంటి కాగితమేదీ లేదు.

మా పక్క గోగు రైతులకు సూక్ష్మజీవుల పని కొత్త కాదు. కట్టలు చెరువులో ఊరేస్తే నారను పుల్లకు పట్టి ఉంచే జిగురును తినేసేది మా దూరపు చుట్టాలే. ఆ కంపుకు అందరూ ముక్కు మూసుకుంటారు. నార మాత్రం కావాలి.

కిరండూల్ రైలు లైనులో ఇనుప ఖనిజం మా ఊరి మీదుగానే విశాఖ వైపు దిగుతుంది. దాన్ని కరిగించాలంటే కోకు కావాలి. బొగ్గును కోకుగా మార్చేచోట వచ్చే నీళ్లలో ఫినాల్, అమోనియా, సైనైడ్ ఉంటాయి. అలాంటి నీళ్లను శుద్ధి చేసే తొట్టెలోకే నన్ను పేడనీళ్లలో కలిపి పోశారు.

మొదట్లో రాజభోగం: అనకాపల్లి బెల్లం, యూరియా, డీఏపీ, అడుగు నుంచి బుడగలుగా గాలి. తర్వాత బెల్లం తగ్గిస్తూ ఫినాల్ పెంచారు. తట్టుకోలేనివి చచ్చాయి. మిగిలినవాళ్లం ఆ విషం రుచి మరిగాం. ఫినాల్‌లోని ఆరు కర్బనాల వలయాన్ని ఆక్సిజన్‌తో తెంపి తింటే చివరికి మిగిలేది నీరు, బొగ్గుపులుసు వాయువు, ఇంకొన్ని మేమూ. క్రోమియం లాంటి లోహాన్ని మాత్రం తినలేం. దాని విషం తగ్గించగలిగే వాళ్లు మాలో ఉన్నారు గానీ, మాయం చేసేవాళ్లు లేరు.

ఒక రాత్రి ఎవరో చెప్పాపెట్టకుండా చిక్కటి ఫినాల్ నీళ్లు ఒక్కసారే వదిలేశారు. తెల్లారేసరికి తొట్టె నిండా నురగ. షిఫ్టుకొచ్చిన ముసలాయన లీటరు జాడీలో ముంచి అరగంట చూశాడు.

"బాబూ, బురద కూకోట్లేదు. సచ్చిపోనాయేటి?"

"సగం పోయుంటాయి బాబాయ్. పేడ తెప్పిస్తాను, నువ్వు బెల్లం నానబెట్టు."

లీటరుకు ఒక మిల్లీగ్రాముకు మించి ఫినాల్ కాలువలోకి పోకూడదన్నది నిబంధన. అక్కడికి మళ్లీ చేరడానికి మాకు వారాలు పట్టింది.

చేరిన రోజు ముసలాయన జాడీని వెలుగుకెత్తి, "నీళ్లు తేటపడ్డాయి బాబూ" అన్నాడు. ఆయన చూసింది పైనున్న తేటని. కింద బురదగా కూర్చున్నది నేను.