గ్యాపు పద్యము: టీకా తాత్పర్య సహితము

మూలము

ఆ. టీసి లేక సీటు డిగ్రితో దక్కునే?
గ్యాపు కాలమెల్లఁ గాగితమున
నోటరీల ముద్ర నొప్పుగా వేయింపు
తాండురన్న, వినుము, దారి యిదియె.

అవతారిక

సొంత ఊరి కళాశాలలో డిగ్రీ ముగించి, సంసారభారం మీద పడి, నాపరాయి పాలిష్ యూనిట్‌లోనో కందిపప్పు మిల్లులోనో పదిహేనేళ్లు లెక్కలు రాసి, పిల్లలు కాలేజీ మెట్లెక్కే వేళకు తానూ ఎం.ఏ.లో చేరాలని సంకల్పించిన తాండూరు వాస్తవ్యుడు ఈ పద్యంలో సంబోధ్యుడు, అనగా ఎవరిని పిలిచి చెబుతున్నారో ఆ వ్యక్తి. చెప్పేవాడు నిరుడు ఇదే తోవన వెళ్లివచ్చిన వికారాబాద్ మిత్రుడని కొందరు, జిరాక్సు షాపు యజమాని అని మరికొందరు వాదిస్తారు. నాలుగు పాదాల్లోనూ సందేహమన్నది లేని అధికారస్వరం వినిపిస్తున్నందున రెండో పక్షమే బలవత్తరం.

ప్రతిపదార్థము

తాండురన్న = తాండూరు నివాసివైన ఓ అన్నా; వినుము = ఆలకింపుము; టీసి లేక = బదిలీ పత్రము లేకుండ; డిగ్రితో = పట్టా ఒక్కదానిచేతనే; సీటు దక్కునే = ప్రవేశము లభించునా? (లభింపదనుట); గ్యాపు కాలమెల్లన్ = చదువు ఆగిన కాలమునంతయు; కాగితమునన్ = స్టాంపు కాగితముపై, (వ్రాసి అని అధ్యాహారము, అనగా మూలమున లేని పదమును అన్వయమునకై తెచ్చుకొనుట); నోటరీల ముద్రన్ = నోటరీగారి ముద్రను (బహువచనము గౌరవార్థకము); ఒప్పుగాన్ = పేరును తేదియును చదువ వీలగునట్లు; వేయింపు = వేయించుము; దారి యిదియె = మార్గమిది యొక్కటే.

టీక

‘టీసి’ అనగా విద్యార్థి తమను విడిచి వెళ్లాడని కళాశాల రాసి ఇచ్చే పత్రం. చేరబోయే చోట దీని అసలు ప్రతినే తీసుకుని ఉంచుకుంటారు కనుక, పట్టాను అటకమీది పెట్టెలో భద్రపరచి టీసీని పోగొట్టుకున్నవాడు ముందు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేసి, పిమ్మట డూప్లికేటు కోసం పాత కళాశాలను ఆశ్రయించవలసి వస్తుంది.

మైగ్రేషన్ పత్రాన్ని, అనగా ఒక విశ్వవిద్యాలయం పరిధి నుంచి మరొకదాని పరిధిలోకి పోవడానికి ఇచ్చే అనుమతిని, కవి ప్రస్తావించకపోవడం లోపం కాదు. తాండూరు, వికారాబాద్ డిగ్రీ కళాశాలలు ఉస్మానియాకు అనుబంధాలు కాబట్టి అక్కడ చదివి ఉస్మానియాలోనే చేరేవాడికి దాని పని లేదు. 1982లో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా వెలసి, 1991లో అంబేద్కర్ పేరు దాల్చిన ఓపెన్ యూనివర్సిటీలో, పనిచేసుకుంటూ డిగ్రీ పొందినవాడికి మాత్రం అది తప్పదు. రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నా కాగితం దృష్టిలో అవి వేర్వేరు రాజ్యాలు.

‘దారి’ అన్న పదానికి రైలు మార్గమనే అర్థం కూడా ధ్వనిస్తుంది. తాండూరులో బండి ఎక్కి, వికారాబాద్ జంక్షన్, శంకర్‌పల్లి, లింగంపల్లి దాటి సికింద్రాబాద్‌లో దిగినవాడికి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దగ్గర ఆ పేరుతోనే లోకల్ రైలు స్టేషన్ ఉంది. సీపీగెట్ అనే ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్షలో ర్యాంకు వచ్చినవాడికే ఆ టికెట్ సార్థకం.

విశేషాంశము

చదువు బదిలీకి మరో పద్ధతి కూడా ఉంది: అమెరికాలో 1901లో జోలియట్ జూనియర్ కాలేజీతో మొదలైన సంప్రదాయంలో, ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి విశ్వవిద్యాలయంలో మూడో ఏట చేరేవాడు తనవెంట క్రెడిట్లను, అనగా చదివిన చదువుకు కట్టిన కొలతను, తీసుకుపోతాడు. మన దేశంలోనూ 2021లో క్రెడిట్ల బ్యాంకు ఏర్పడింది గాని, తెలంగాణ డిగ్రీ కోర్సుల్లోకి ఆ కొలత వచ్చింది 2016-17లో కనుక, అంతకుముందు చదివిన తాండూరన్నకు ఆ బ్యాంకులో జమ చేయడానికి ఏమీ లేదు. అతడి చేతిలో ఉన్నది మార్కుల మెమో. దరఖాస్తు అడిగేది గ్రేడు సగటు. పాత పత్రాల్లో అతడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, రంగారెడ్డి జిల్లావాడు. 2014లో రాష్ట్రమూ 2016 అక్టోబరులో జిల్లా పేరూ మారినందున కొత్త నివాస ధ్రువపత్రంలో తెలంగాణ, వికారాబాద్ జిల్లావాడు. ఇల్లు కదలకుండానే రెండు బదిలీలు పొందినవాడిని చదువు బదిలీ కోసం ఇన్ని రుజువులు అడగడంలో హాస్యరసం పోషింపబడింది.

పూర్వపక్షము – సిద్ధాంతము

ఇక్కడ శంక: చదివినదానికి మెమో సాక్ష్యం కావచ్చు గాని, చదవకపోవడానికి సాక్ష్యం ఎట్లా? లేనిదాన్ని నోటరీ ఏ కళ్లతో చూసి ముద్ర వేస్తాడు?

సమాధానం: తర్కశాస్త్రం లేమిని కూడా ఒక పదార్థంగానే, అనగా ఉన్నవాటి లెక్కలో ఒక వర్గంగానే, అంగీకరించింది. అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఏడో పదార్థం అభావమే. అది నాలుగు విధాలు. వస్తువు పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం, దానికి మొదలు లేదు. నశించిన తరువాతి లేమి ప్రధ్వంసాభావం, దానికి తుది లేదు. మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం. గ్యాపుకు టీసీతో మొదలూ అడ్మిషన్‌తో తుదీ ఉన్నందున అది ఈ నాల్గింటిలోనూ ఇమడదు. కుండను నేలమీది నుంచి తీసి మళ్లీ అక్కడే పెట్టినప్పుడు నడుమ ఉండే లేమిని కొందరు నైయాయికులు, అనగా తర్కశాస్త్ర పండితులు, సామయికాభావమని వేరుగా చెప్పారు, గ్యాపు అదే. కుండ ఆ నడుమ ఎక్కడున్నదని నేల అడగదు. నోటరీ ముద్ర వేసే ఆ కాగితం, అనగా అఫిడవిట్, కూడా అంతే: ఆ ఏళ్లలో మరే విద్యాసంస్థలోనూ చేరలేదన్న నిషేధవాక్యాన్నే కోరుతుంది గాని, ఏం చేశావని అడిగినా దాని జవాబుకు రెండు పంక్తులకు మించి చోటివ్వదు.

తాత్పర్యము

ఓ తాండూరన్నా! పట్టా ఉన్నంత మాత్రాన సీటు రాదు; టీసీ వెతుక్కో, గ్యాపును స్టాంపు కాగితం మీద రాయించి నోటరీ ముద్ర వేయించు, అన్నిటికీ రెండేసి సెట్లు జిరాక్సు తీయించు అని భావం. ఆ పదిహేనేళ్లలో ఎక్కడా చదవలేదని అతడు నిశ్చింతగా ప్రమాణం చేయవచ్చు; ఏమీ నేర్చుకోలేదని మాత్రం చేయనక్కరలేదు, ఆ వాక్యం ఏ నమూనాలోనూ లేదు.