రేటెంత ఉంటుందంటావ్?

పది రోజులుగా నా చెవుల్లో ఒకటే మాట గింగురుమంటోంది. "దీని రేటెంత ఉంటుందంటావ్?" అన్నం ముందు కూర్చున్నా అదే, దిండు మీద తల పెట్టినా అదే. మొన్న మా ఆవిడ కూరగాయల సంచీ దించుతూ "చిక్కుడుకాయల రేటెంతో తెలుసా?" అంటే నాకు కళ్ళనీళ్ళొక్కటే తక్కువ.

హైదరాబాదులో కాపురం ఉన్నవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. చుట్టాలొచ్చారు. చార్మినార్‌ అయింది, బిర్లా మందిర్‌ అయింది, సాలార్‌జంగ్‌ మ్యూజియం తప్పలేదు. ఈసారి వచ్చింది మా అక్కా బావగారూ, వాళ్ళబ్బాయీ. బావగారిది ఖమ్మం జిల్లా. రిటైరయ్యాక తోచక ప్లాట్లు చూపించే పనిలో దిగారు. అప్పట్నుంచీ ఆయన దేన్ని చూసినా గజాల్లోకి మార్చి గానీ వదలరు.

మేలిముసుగు రెబెక్కా దగ్గర మొదలైంది. బెంజోనీ అనే ఇటలీ శిల్పి పాలరాతిలో పెళ్ళికూతురిని చెక్కి, ఆమె ముఖం మీద పల్చటి ముసుగు కూడా అదే రాతిలో చెక్కాడు. ముసుగు చాటున ముక్కు కొసా, రెప్పలూ, పెదవుల అంచూ తెలుస్తుంటాయి. మొదటి సాలార్‌జంగ్‌ 1876లో ఇటలీ వెళ్ళినప్పుడు కొని తెచ్చారు. బావగారు బొమ్మ చుట్టూ నిదానంగా ఒక ప్రదక్షిణం చేశారు. నాకు లోపల్లోపల ఆశ పుట్టింది.

"ముసుగు తర్వాత అతికించారోయ్‌" అని తేల్చేశారు.

"కాదు బావగారూ, అంతా ఒకటే రాయి."

"ఒకటే రాయా? రేటెంత ఉంటుందంటావ్?"

ఎంత ఉంటుందో నాకు తెలీదు. తెలిసినా చెప్పను. మ్యూజియం వాళ్ళు అమ్మరు, మనం కొనం, మధ్యలో ఈ బేరం దేనికి? నేను జవాబు చెప్పకపోయేసరికి రెండో ప్రశ్న వేశారు: "అసలు ఒరిజినలేనా?" దీనికి మాత్రం నా దగ్గర సరుకుంది. బెంజోనీకి ఈ బొమ్మతో బాగా పేరొచ్చింది, గిరాకీ వచ్చింది. అదే రెబెక్కాని మళ్ళీ మళ్ళీ చెక్కాడు. ఈవిడ అక్కచెల్లెళ్ళు పరదేశాల్లో కూడా ఉన్నారు, అన్నీ ఒరిజినళ్ళే అని చెప్పాను. బావగారి ముఖం వికసించింది. "అంటే ఒకే ప్లాటుని నలుగురికి రిజిస్ట్రేషన్‌ చేశాడన్నమాట!" ఆ శిల్పి మీద ఆయనకి మొదటిసారి గౌరవం కలిగింది.

అక్కడి నుంచి మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టాల దగ్గరికి. ఒకే చెక్క దిమ్మె. ముందునుంచి చూస్తే గడ్డం ఎగరేసి నిలబడ్డ దయ్యం, వెనక చూస్తే తల వంచుకున్న అమ్మాయి. ఆ వెనక భాగం కనబడేందుకు అద్దం పెట్టారు. అద్దాన్ని ఏ పనికి పెట్టారో జనం ఆ పనికి తప్ప అన్నిటికీ వాడుతున్నారు. ఒకాయన దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. ఒకావిడ బొట్టు సరిచేసుకుంది. మా మేనల్లుడు అందులో తన ఫొటో తీసుకున్నాడు. ఫొటోలో వాడు పూర్తిగా, మార్గరెట్టా మోచెయ్యి వరకూ వచ్చారు. మా అక్క మాత్రం పాపం శ్రద్ధగా రెండు వైపులా చూసింది. "మొగుడూ పెళ్ళాలా?" అంది. కాదక్కా, గేథే అనే జర్మన్‌ మహాకవి రాసిన నాటకంలో పాత్రలు, వాడు దయ్యం, ఆమె ఏ పాపం తెలీని పిల్ల అని చెప్పాను. "మరి ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోకుండా వీపులు అతుక్కుని ఉన్నారు కదరా. పెళ్ళయి చాలా కాలమైందేమో అనుకున్నా" అంది, బావగారి వైపు చూడకుండానే.

ఇంతలో పన్నెండు కావస్తోంది. హఠాత్తుగా గదులన్నీ ఖాళీ అవడం మొదలైంది. సంగీత గడియారం!

కలకత్తా కుక్‌ అండ్‌ కెల్వీ వారి గడియారం అది. మూడొందల యాభైకి పైగా భాగాలున్నాయంటారు. గంట అవబోతుండగా పైనున్న చిన్న గదిలోంచి ఒక గడ్డం బొమ్మ బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి, లోపలికి వెళ్ళిపోతుంది. చూడదగ్గదే, కాదనను. కానీ జహంగీర్‌ బాకునీ, నూర్జహాన్‌ పళ్ళు కోసుకున్న కత్తినీ నడుస్తూ నడుస్తూ చూసేసిన జనం ఇక్కడ మాత్రం అరగంట ముందే వచ్చి బాసింపట్లు వేసుకు కూర్చుంటారు. నూర్జహాన్‌ కత్తి దగ్గర మా బావగారు అన్నదొకటే: "దీంతో సొరకాయ తెగదు."

కూర్చున్న చోట ఖాళీగా ఉండటం బావగారికి చేతకాదు. లెక్క మొదలెట్టారు. "పన్నెండింటికి వచ్చినవాడికి పన్నెండు దెబ్బలు. ఒంటిగంటకి వచ్చినవాడికి ఒక్కటి. టికెట్టు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇదేం న్యాయం?" నేను గోడకేసి చూశాను. అయినా వదల్లేదు. మ్యూజియం తెరిచేది పదింటికి, మూసేది ఐదింటికి. పది, పదకొండు, పన్నెండు, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. వేళ్ళ కణుపుల మీద కూడి రోజుకి మొత్తం నలభై ఎనిమిది దెబ్బలని తేల్చారు. అందులో ముప్పైమూడు పన్నెండింటితోనే సరి. మూడింట రెండొంతులకి పైగా సరుకు భోజనాల లోపే చెల్లిపోతుంది. మరి మధ్యాహ్నం మూడింటికి వచ్చినవాడు పన్నెండు దెబ్బలు గిట్టించుకోవాలంటే ఏం చెయ్యాలి? మూడూ నాలుగూ ఐదూ కూడితే పన్నెండు. కాబట్టి మూసేదాకా కదలకుండా కూర్చోవాలి. అందులోనూ ఆ చివరి ఐదు అనుమానమే. ఆ వేళకి అందర్నీ బయటికి పంపించేస్తుంటారు. "అంటే వాడికి గ్యారంటీగా దక్కేది ఏడే" అని నిట్టూర్చారు. పక్కన కూర్చున్న ఎవరో పెద్దమనిషి ఇదంతా విని "మేం పోయినసారి ఒంటిగంటకి వచ్చి మోసపోయామండీ" అని వాపోయాడు. ఇద్దరూ ఫోన్‌ నంబర్లు మార్చుకున్నారు.

నా బాధ వేరు. ఆ గడియారంలో ఇంకో బొమ్మ ఉంది. కమ్మరి. సుత్తి పట్టుకుని సెకను సెకనుకీ ఒక దెబ్బ వేస్తూనే ఉంటాడు. గంటకి మూడువేల ఆరువందల దెబ్బలు. వాణ్ణి ఎవరూ చూడరు, వాడికి వీడియో లేదు. గంటకోసారి తలుపు తీసుకుని వచ్చి నాలుగు వాయించి లోపలికిపోయే గడ్డమాయనకి మాత్రం చప్పట్లు. నేను ముప్పై ఏళ్ళు ఆఫీసులో గుమాస్తాగా చేశాను. ఆ గడ్డమాయన్ని నేనెరుగుదును. ఛాంబర్లో ఉండేవాడు.

పన్నెండయింది. చేతులన్నీ లేచాయి, చేతుల్లో ఫోన్లు లేచాయి. వెనక వరసవాళ్ళు తీసింది ముందు వరసవాళ్ళ ఫోన్లలో కనిపించే గడియారాన్ని. దెబ్బలు పడ్డాయి. బొమ్మ లోపలికి పోయింది. చప్పట్లు కొడుతుండగా బావగారు లేచి నిలబడి "పదకొండే కొట్టింది" అన్నారు.

పన్నెండే అన్నాను. పదకొండే అన్నారు. ఒంటిగంట బాధితుడు బావగారి పక్షం చేరాడు. మేనల్లుడి వీడియో పెట్టి ముగ్గురూ తలలు దగ్గర చేర్చి లెక్కపెట్టారు. ఏడో దెబ్బ దగ్గర ఎవరిదో పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు, ఎనిమిదో తొమ్మిదో వినబడలేదు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ ఏడ్చాడు. గడియారం ఎదురుగానే ఉంది, దాని ముల్లు పన్నెండు దాటి పోతోంది. వీళ్ళు మాత్రం ఫోన్‌లోని పన్నెండుని పట్టుకుని వేలాడుతున్నారు. వివాదం ఇప్పటికీ తేలలేదు. నిన్న కూడా ఖమ్మం నుంచి ఫోన్‌ వచ్చింది.

గడియారం అయిపోతే మ్యూజియం అయిపోయినట్టే. జనం సగం కాంటీన్‌కి, సగం గేటుకి. నేను మాత్రం మావాళ్ళని బలవంతాన శిల్పాల గదికి లాక్కెళ్ళాను. అక్కడ మేం తప్ప నరమానవుడు లేడు. మూడో శతాబ్దం నాటి బుద్ధుడు నిలబడి ఉన్నాడు. నేలకొండపల్లిలో దొరికినవాడు. రెబెక్కా ముసుగు చూసి నోళ్ళు వెళ్ళబెట్టారే, అంతకి పదహారు వందల ఏళ్ళ ముందు మనవాళ్ళు రాతికి చీవరం కట్టారు, ఎవరు చూశారు? అదీ నా అసలు గొడవ. తలుపు తీసుకుని బయటికి రాడు, గంట కొట్టడు, వెనక అద్దం లేదు. అంతే ఆయన చేసుకున్న పాపం.

"బావగారూ, ఇది మీ జిల్లాది. నేలకొండపల్లి!"

ఆయన చటుక్కున ఆగారు. దగ్గరికి వెళ్ళి బుద్ధుణ్ణి కింద నుంచి పైదాకా చూశారు. నా గుండె కొట్టుకుంది.

"నేలకొండపల్లా? అక్కడ రోడ్డు బిట్టు ఎకరం ఇప్పుడు ఎంతుందో తెలుసా?"

నేలకొండపల్లి భక్త రామదాసు పుట్టిన ఊరు కూడా. ఆయన భద్రాద్రి గుడి కట్టిస్తే తానీషా వైపు నుంచి వచ్చిన ప్రశ్నా ఇదే: ఎంతయింది? ఆ ఒక్క ప్రశ్నకి గోల్కొండ జైల్లో ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. ఆ ఊరి గాలిలోనే ఉందేమో ఈ లెక్క అనుకుని పళ్ళు కొరుక్కున్నాను. ఘాటుగా ఏదో అనబోయాను కూడా.

కానీ అమరావతి స్తూపం గుర్తొచ్చి నోరు పెగల్లేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర అక్కడ కొత్త ఊరు కడుతున్నప్పుడు దిబ్బ తవ్వి రాళ్ళు తీశారు. పద్మాలు చెక్కిన పలకలు, జాతక కథలు చెక్కిన పలకలు. కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడల్లోకి వెళ్ళాయి, కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. మెకంజీ అనే దొర 1797లో చూసి, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించి పెట్టుకోబట్టి ఏం పోయిందో ఆ మాత్రమైనా తెలుస్తోంది. 1845లో వాల్టర్‌ ఎలియట్‌ తవ్వి మద్రాసు పంపాడు, 1859లో అందులో చాలాభాగం లండన్‌ ఓడెక్కింది. ఆ రోజు ఆ దిబ్బ దగ్గర నిలబడి "ఒరేయ్, దీని రేటెంత ఉంటుందంటావ్?" అన్న బావగారు ఒక్కడూ లేకపోయాడు. సున్నం రేటు మాత్రం అందరికీ తెలుసు.

ఆ మాటకొస్తే ఈ భవనం నిండా ఉన్నవి చాలావరకు రేటు అడిగి కొన్నవే. మూడో సాలార్‌జంగ్, మీర్‌ యూసుఫ్‌ అలీఖాన్, 1912లో నిజాంకి దివాను అయ్యాడు, రెండేళ్ళలో ఆ పదవి వదిలేశాడు, తర్వాత బతుకంతా కొంటూనే ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. 1949లో పోయాడు. 1951 డిసెంబర్‌లో నెహ్రూ వచ్చి మ్యూజియం తెరిచేదాకా ఈ బొమ్మలూ గడియారాలూ చాలావరకు ఒక బ్రహ్మచారి ఇంట్లో సామాను. వారసులు లేని ఇంట్లో గది గదికీ తిరుగుతూ ఇదెంత, అదెంత అని గొణుక్కునే దాయాదులం మేమందరం. రేటు తెలిసినవాడు ఎవడైనా ఉంటే ఆయనొక్కడే, ఆయన్ని అడిగే వీల్లేదు. ఒంటరి మనిషి రాత్రిపూట ఏ బొమ్మ ముందు ఎంతసేపు నిలబడేవాడో అని మాత్రం ఎవరూ అడగరు. ఆ వేళ నేనూ అడగలేదు. కాళ్ళు లాగుతున్నాయి, ఆకలేస్తోంది.

బయటికొచ్చాక బావగారు మూసీ వైపొకసారి, రోడ్డు వైపొకసారి, భవనం వైపొకసారి చూసి తుది అంచనా వినిపించారు. "బొమ్మలదేముందోయ్, స్థలమే అసలు ఆస్తి. ఊరి నడిబొడ్డు. రెండువైపులా రోడ్డు." ఆ బొమ్మలన్నీ తీసేస్తే ఎన్ని ఫ్లాట్లు పడతాయో ఆటో ఎక్కేలోగా లెక్కేసేశారు. ఆటోవాడు అఫ్జల్‌గంజ్‌ దాకా చెప్పిన రేటుకి మాత్రం ఆయన గుండె ఆగినంత పనైంది.

వచ్చే వారం తెనాలి నుంచి మా ఆవిడ పిన్నిగారి కుటుంబం దిగుతోంది. పిల్లలతో కలిపి ఏడుగురు. నిన్న ఫోన్‌ చేశారు. "అల్లుడూ, ఆ సాలార్‌జంగ్‌ మ్యూజియంలో జనం బాగా తొక్కిడిగా ఉంటారటగా? ఏ రోజైతే ఖాళీగా ఉంటుంది నాయనా?"

మ్యూజియానికి వారపు సెలవు శుక్రవారం.

"శుక్రవారం రండి అత్తయ్యగారూ" అన్నాను. "ఒక్కడు కూడా ఉండడు."