నెత్తురుకి ఆడిట్

ప్రతి బంధుబలగంలోనూ ఒకరుంటారు. పెళ్ళి భోజనాల్లో ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. పాత తగాదాలేమీ ఉండవు. పప్పులో నెయ్యి పడే వేళకి సరిగ్గా ఆయన గొంతు సవరించుకుని, ‘‘నిన్న రాత్రి ఒకటి చూశానండీ, అందులో వాడు రంపం తీసుకుని...’’ అని మొదలుపెడతారు. మా వైపు ఆ పదవి మా అక్క మొగుడిది.

మనిషిని చూస్తే ఎవరూ నమ్మరు. రాజమండ్రిలో స్థానిక నిధుల ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యారు. నుదుట బొట్టు, జేబులో రెండు పెన్నులు. బొద్దింకని కొట్టమంటే అట్టముక్క మీదికి ఎక్కించుకుని గుమ్మందాకా సాగనంపుతారు. రాత్రి పదయ్యేసరికి మాత్రం టీవీ ముందు నోటుబుక్కుతో కూర్చుంటారు. చవకలో తీసి ఉండాలి, నెత్తురు పారాలి, మూడు నాలుగు కథల్ని ఒకే సినిమాగా కుట్టి ఉండాలి. ఈ మూడిట్లో ఏది తగ్గినా చూడరు. ఖరీదైన దెయ్యాలు ఆయనకి గిట్టవు.

ఈ రుచి ఎక్కడ పట్టిందని అడిగితే చందమామ మీద పెట్టారు. ‘‘బేతాళ కథలు ఏమిటనుకున్నావు? శ్మశానం, భుజాన శవం, ఆ శవమే కథ చెప్పడం. విడివిడి కథల్ని కలిపే కథంటే అదీ. అమెరికావాడికి ఇప్పుడు తోచింది గానీ మనకి ఎప్పటినుంచో ఉంది’’ అన్నారు. అంతవరకూ పండిత చర్చే. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు బాధ చెప్పారు. తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగిలిపోతుందని బేతాళుడు ప్రతి నెలా బెదిరిస్తాడు కదా. ఏళ్ళ తరబడి, వందల కథల పాటు చదివినా ఒక్క తలా పగల్లేదట. విక్రమార్కుడు ప్రతిసారీ జవాబు చెప్పేస్తాడు. ఒక పిల్లవాణ్ణి అంతకాలం ఊరించి వదిలేస్తే పెద్దయ్యాక ఏమవుతాడో నాకు అప్పుడర్థమైంది.

కుర్రతనంలో రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ చూసి మెచ్చుకున్నారు గానీ కథ ఒక్కటే అయిందని మార్కులు తగ్గించారు. 2003లో అదే వర్మ నిర్మించిన ‘డర్నా మనా హై’లో కారు చెడిపోయి, అడవిలో చిక్కుకున్న స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు కథలు చెప్పుకుంటుంటే, తన కోసమే తీశారనుకున్నారు. అందులో నెత్తురు చాలదన్నది మాత్రం ఈనాటికీ తేలని అభ్యంతరం. 2012లో ‘ది ఏబీసీస్ ఆఫ్ డెత్’ వచ్చింది. ఇంగ్లీషు అక్షరానికొక చావు చొప్పున 26 కథలు, కథకో బృందం. మామూలు మనిషికి అది రెండు గంటల సినిమా. బావగారికి 26 వరసల పట్టిక.

ఆయన్ని ‘‘సినిమా ఎలా ఉంది?’’ అని అడక్కూడదు. ‘‘ఏ కథ?’’ అంటారు. ఒకే సినిమా గురించి ఒక పూట చెత్త అనీ, మరో పూట ఆణిముత్యం అనీ అనగలరు. రెండుసార్లూ నిజమే చెబుతారు. ఈ కోవలో ఆయన పాఠ్యపుస్తకంగా చూసుకునేది 2013లో వచ్చిన ‘ఆల్ హాలోస్ ఈవ్’. హాలోవీన్ రాత్రి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు పోగేసుకొస్తారు. సంచి దులిపితే పేరూ ఊరూ లేని వీడియో క్యాసెట్ ఒకటి పడుతుంది. ఆ పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మాయి దాన్ని పెట్టి చూస్తుంది. అందులో మూడు కథలు. తెల్ల మొహం, నల్ల పెదాలు, నోట మాటన్నది లేని ఆర్ట్ అనే విదూషకుడు అక్కడ తొలిసారిగా పూర్తి నిడివి సినిమాకెక్కాడు.

దీని మీద చూసినవాళ్ళ అభిప్రాయాలన్నీ చివరికి ఒక్కచోటే ఆగుతాయి: రెండో కథ దగ్గర. ఊరి బయట ఇంట్లో ఒంటరి ఇల్లాలు, ఆకాశం నించి ఊడిపడ్డ గ్రహాంతరవాసి. ముసుగేసుకున్న మనిషిలా ఉన్నాడే తప్ప పైలోకం వాడిలా లేడని లోకమంతా తిట్టింది. బావగారు తిట్టరు. పేరా నంబరు వేస్తారు.

‘‘చూడూ, మొదటి కథ దర్శకుడు 2008లోనే లఘుచిత్రంగా తీసుకున్నాడు. మూడోది 2011లోది. ఆ రెంటికీ మధ్య ఖాళీ నింపడానికి రెండోది కొత్తగా తీశాడు. విదూషకుడికీ ఈ కథకీ సంబంధమేమిటయ్యా అంటే, చివర్లో కనపడే ఒక పెయింటింగు. ఇదెలా ఉందంటే, పాత ఇటుక వాడి కొత్త గోడకి బిల్లు పెట్టినట్టుంది.’’

‘‘మరి అభ్యంతరం రాశారా?’’

‘‘రాశాను. రాసి కొట్టేశాను. గోడ నిలబడింది కదా!’’

పంచాయతీ వోచర్లలో రూపాయి తేడా వస్తే సర్పంచిని నిద్రపోనివ్వని మనిషి, ఈ దర్శకుడు డేమియన్ లియోన్ దగ్గరికొచ్చేసరికి కరిగిపోతారు. కారణం ఉంది. తెగిన తలలూ, చీలిన ఒళ్ళూ ఆ దర్శకుడే చేత్తో తయారుచేసుకుంటాడు. మేకప్పే అతని మొదటి విద్య. ‘‘సొంత చేతుల్తో చేసుకున్న పనికి లేబర్ చార్జీలు వేసుకోలేదు’’ అంటారు బావగారు, కళ్ళు చెమర్చి. తెగిపడ్డ తల చూసి కళ్ళు చెమర్చేవాళ్ళున్నారు గానీ, దానికి బిల్లు లేదని చెమర్చేవారు ఈయనే.

నెత్తురు విషయంలో మాత్రం దయలేదు. ఆయన పుస్తకంలో దానికి మూడు తరగతులు: రూహ్ అఫ్జా, టమాటా సాసు, ఆవకాయ ఊట. మొదటిది కుర్రవాళ్ళ సినిమా, రెండోది బద్ధకస్తుల సినిమా, మూడోది కళ. ‘సైకో’లో స్నానాల గది నెత్తురు నిజానికి చాక్లెట్ సిరప్ అనీ, 1960లో నలుపు తెలుపు కాబట్టి చెల్లిందనీ, 1963లో ‘బ్లడ్ ఫీస్ట్’ వచ్చి నెత్తుర్ని రంగుల్లో పారించాక సిరప్‌కి కాలం చెల్లిందనీ మజ్జిగన్నం దగ్గర చెబుతారు. ఆ మధ్య షుగర్ పరీక్షకి వెళ్ళారు. సూది గుచ్చగానే మొహం తిప్పుకుంటారేమో, తర్వాత ఏడిపించొచ్చని నేనూ వెంట వెళ్ళాను. తిప్పుకోలేదు. గొట్టంలోకి ఎక్కుతున్న నెత్తుర్ని శ్రద్ధగా చూసి, ‘‘మరీ ముదురు రంగమ్మా, ఇది తెర మీద నల్లగా పడుతుంది’’ అన్నారు. నెత్తురు తీస్తున్న అమ్మాయి సారీ చెప్పింది.

ఇంట్లో మిగతావాళ్ళకీ అభిప్రాయాలున్నాయి. మా మేనల్లుడు, ‘‘నాకసలు భయమే వెయ్యలేదు నాన్నా, నవ్వొచ్చింది’’ అంటాడు, కాళ్ళు రెండూ సోఫా మీదికి లాక్కుని. అక్క ఒక్క సినిమా కూడా చూడలేదు. కానీ వంటింట్లోంచి అన్నీ విన్నది. అరుపుని బట్టి చెప్పేస్తుంది: ‘‘ఈ పిల్ల అరుపులో పస లేదండీ, తర్వాతది పెట్టండి.’’ మార్కుల దగ్గర ఆ మాటని బావగారు లెక్కలోకి తీసుకుంటారని నాకు అనుమానం.

అదే విదూషకుడు సొంత సినిమాలకెక్కి ఎదిగిపోయాక బావగారికి గర్వం, దిగులు ఒకేసారి మొదలయ్యాయి. 2022లో ‘టెర్రిఫయర్ 2’ సుమారు రెండున్నర లక్షల డాలర్లతో తయారై కోటి డాలర్లకి పైగా తెచ్చింది. హాల్లో కొందరు కళ్ళు తిరిగి పడిపోయారని వార్తలొచ్చాయి. అది చదివి ఆయన చాలా సంతోషించారు. 2024 అక్టోబరులో మూడో భాగం, దాదాపు వంద రెట్లు ఖర్చుపెట్టి తీసిన ‘జోకర్’ రెండో భాగాన్ని విడుదలైన వారాంతపు అమెరికా వసూళ్ళలో కిందికి తోసేసింది. చవక విదూషకుడు ఖరీదైన విదూషకుణ్ణి కొట్టాడని వీధంతా చెప్పుకొచ్చారు. ఆ సాయంత్రమే నాకు ఫోను చేసి, ‘‘ఈసారి బడ్జెట్ ఇరవై లక్షల డాలర్లటయ్యా’’ అన్నారు, కొడుకు వ్యసనాల పాలయ్యాడని చెప్పే గొంతుతో.

ఆయన్ని నిజంగా ఇరుకున పెట్టింది మాత్రం మా పెద్దమ్మ. సంక్రాంతికి వచ్చి, భక్తి ఛానెల్ వేళ దాటిపోయాక కూడా కుర్చీలోంచి లేవలేదు. బావగారు కాసేపు చూసి, మర్యాదగా అనుమతడిగి, ‘ఆల్ హాలోస్ ఈవ్’ పెట్టేశారు.

‘‘అతను మాట్లాడడేం? మూగవాడా, పాపం?’’ అంది పెద్దమ్మ.

తర్వాత తెర మీద జరిగింది చూసి పాపం అనడం మానేసింది. ‘‘ఛీ ఛీ, ఏం సినిమా బాబూ ఇది, ఆ పేగులేమిటి!’’

బావగారు మాట్లాడకుండా ఆవిడ వెనక గోడ వైపు చూపించారు. క్యాలెండర్‌లో ఉగ్రనరసింహుడు, ఒళ్ళో హిరణ్యకశిపుడు, మెడలో ఆ పేగులే దండ.

పెద్దమ్మ తిరిగి చూసి దణ్ణం పెట్టుకుంది. ‘‘ఆయనకి కారణం ఉంది. ఇతనికేం కారణం?’’

‘‘కారణం లేకపోవడమేనండీ ఇందులో భయం. ఎందుకు చంపుతున్నాడో తెలియదు కాబట్టి...’’

‘‘కారణం లేకుండా చంపేవాణ్ణి చూసి భయపడుతూ కూర్చోరు బాబూ, పోలీసులకి పట్టిస్తారు. అదలా ఉంచండి. పండగపూట పసిపిల్లల్ని పరాయి పిల్లకి అప్పగించి, ఆ కన్నవాళ్ళు ఎటు పోయారు?’’

గదిలో విదూషకుడు తప్ప అందరూ ఆగిపోయారు. ఇన్నేళ్ళుగా ముసుగు గురించీ, పెయింటింగు గురించీ, రంగు గురించీ పేజీలు నింపిన మనిషికి ఈ పద్దు కంటపడనే లేదు. బావగారు నోటుబుక్కు తెరిచి, కొత్త పేరా నంబరు వేసి, సినిమా మళ్ళీ మొదటినుంచి పెట్టారు.

‘‘చెప్పి ఉంటాడండీ, మనమే వినిపించుకోలేదు. వెతుకుతాను.’’

‘‘వెతకండి బాబూ. పదిన్నరదాకా మెలకువగానే ఉంటాను’’ అంది పెద్దమ్మ, కుర్చీ ముందుకి జరుపుకుని.