చెరిపేసిన మాటలు నాకు తెలుసు

నేనొక ల్యాప్‌టాప్‌ని. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో నన్ను కొని, ఒక కరీంనగర్ అమ్మాయి జర్మనీలోని కెమ్నిట్స్‌కు తీసుకెళ్లింది. ఎమ్మెస్ చదువు ఆమెది, ఆమె మాటను నలుగురికీ చేర్చే పని నాది. పంపిన మెసేజ్ అందరికీ కనిపిస్తుంది. రాసి చెరిపేసింది నాకొక్కదానికే తెలుసు.

మొదటి సెమిస్టర్‌లో గ్రూప్ ప్రాజెక్టు. ఆమెతో పాటు ఒక జర్మన్ అబ్బాయి, ఒక చైనా అమ్మాయి. రిపోర్టు చూసి ఆ అబ్బాయి మెసేజ్ పెట్టాడు: "మూడో భాగంలో లెక్క తప్పు. శుక్రవారంలోగా మళ్లీ చెయ్యాలి." పలకరింపు లేదు. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. "లెక్క సరిగ్గానే ఉంది, నువ్వు చూసింది పాత డేటా" అని టైప్ చేసి, బ్యాక్‌స్పేస్ నొక్కింది. "వీలైతే ఇంకోసారి చూస్తావా?" అని మార్చింది. అదీ చెరిపేసి చివరికి "ఓకే" అని పంపింది. సరైన లెక్క నాలోనే ఉండిపోయింది.

ఎవరినీ నలుగురిలో తప్పుపట్టకూడదని చిన్నప్పట్నుంచీ విన్న మాటే ఆమె వేళ్లను ఆపింది. ఆ అబ్బాయి పెరిగిన తీరులో తప్పును సూటిగా చెప్పడమే మర్యాద. చైనా అమ్మాయి గ్రూపులో నోరు మెదపలేదు. తర్వాత విడిగా, "నీ లెక్కే కరెక్ట్" అని రాసింది. అందరి ముందూ ఎవరి పరువూ పోకూడదన్నది ఆమె పట్టింపు.

అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్ 1976లో 'బియాండ్ కల్చర్' పుస్తకంలో ఈ తేడానే వివరించాడు. కొన్ని సమాజాల్లో చెప్పదలచుకున్నదంతా మాటల్లోనే ఉంటుంది. కొన్నింట్లో చాలా భాగం సందర్భంలో, సంబంధంలో, మౌనంలో ఉంటుంది. ఎదురెదురుగా కూర్చుంటే గొంతు, చూపు, తల ఊపడం చూసి కొంతైనా పోల్చుకోవచ్చు. చాట్‌లో అవేవీ ఉండవు.

తర్వాతి వీడియో కాల్‌లో మా అమ్మాయి ధైర్యం చేసింది. "నేను ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదు, అడుగు" అంది. "నేను తప్పన్నది లెక్కని, నిన్ను కాదు. నాకూ అలాగే చెప్పు" అన్నాడతను. ముందు రాసుకునే వ్యవధి కావాలంది చైనా అమ్మాయి. కాల్‌కు ఒకరోజు ముందే ముగ్గురూ ఫైల్‌లో కామెంట్లు రాయాలని నిర్ణయించుకున్నారు. ఇప్పుడు మా అమ్మాయి "ఎలా ఉన్నావు?" అని తన పద్ధతిలో పలకరించి, ఆ కిందే "ఈ గ్రాఫ్ తప్పు" అని రాస్తోంది.

జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులే ఎక్కువ. అక్కడికి బయల్దేరే మన పిల్లలకు నా విన్నపం ఒక్కటే. మొదటి మీటింగ్‌లోనే మీ తీరు చెప్పండి, వాళ్ల తీరు అడగండి. మీరు కష్టపడి చేసిన లెక్క మీ మర్యాద చాటున మరుగున పడకూడదు.