చలానాకూ ఆషాఢమే!

హైదరాబాద్‌లో నో పార్కింగ్ చలానా వస్తే బుద్ధిమంతుడికి రెండే దారులు: కట్టడమా, కాదనడమా? తెలివైనవాడికి మూడోది ఉంది. ఊరుకోవడం.

2022 మార్చిలో పోలీసు శాఖ పాత చలానాలకు తగ్గింపు ప్రకటించింది. బైకుకు 75 శాతం, కారుకు సగం. 2023 డిసెంబరు ఆఖర్లో బేరం ఇంకా రంజుగా కుదిరింది. బైకులకు, ఆటోలకు 80 శాతం, కార్లకు 60, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు ఏకంగా 90. (ఆర్టీసీ బస్సుకు చలానా ఏమిటని అడక్కండి. సర్కారు సంస్థకు సర్కారే జరిమానా వేసి, సర్కారే కనికరించింది.) జనవరి 10తో ముగియాల్సిన గడువు సాగిసాగి ఫిబ్రవరి 15 దాకా వచ్చింది. ఆషాఢం సేల్‌లో పట్టుచీరకైనా ఇంత మర్యాద దక్కదు.

మరి వచ్చిన రోజే పైసలతో సహా కట్టినవాడికో? రసీదు దక్కింది.

ఇక కాదనడం సంగతి. చలానా మీ స్కూటీ నంబరు మీద ఉంటుంది, ఫొటోలో ఎవరిదో బుల్లెట్ నిలబడి ఉంటుంది. అది మీది కాదని నిరూపించడానికి తిరిగే పెట్రోలు ఖర్చు కంటే, తగ్గింపులో కట్టేసి దండం పెట్టడమే చవక. చేయని తప్పుకూ రాయితీ ఇచ్చే ఉదారత మనది!

అయ్యా, ఇవ్వదలిస్తే ఆ తగ్గింపేదో గడువులోగా కట్టినవాడికి ఇవ్వండి. ఏళ్లతరబడి ఎగ్గొట్టినవాడికి కాదు.