బాలెన్స్ బావ

ప్రతి కుటుంబానికీ ఒక బావ రాసిపెట్టి ఉంటాడు. కొట్లో రూపాయికి దొరికేదాన్ని ఇంట్లో పది రూపాయలు పెట్టి, ఇల్లు పీకి పందిరేసి మరీ తయారుచేసి, "చూశావా, ఎంత సింపులో!" అంటాడు. వెనకటి తరం బావలు రేడియోలు విప్పేవారు. మళ్ళీ బిగించాక నాలుగు మరలు మిగిలేవి, రేడియో మాత్రం పలికేది కాదు. ఈ తరం బావలు అమెరికా వెళ్ళి గరాజ్‌లో బీరు కాస్తున్నారు.

మా అక్క మొగుడు ఈ రెండో రకం. పుట్టింది అనకాపల్లి దగ్గర, ఉండేది డాలస్ దగ్గర, జీతమిచ్చేది సాఫ్ట్‌వేరు. కానీ "ఏం చేస్తున్నావు బావా?" అని అడిగి చూడండి. "సింపుల్, బాలెన్స్‌డ్ పేల్ ఏల్. కొంచెం జర్మన్ టచ్" అంటాడు. పురోహితుడు సంకల్పం చెప్పినట్టు, ఒక్క అక్షరం అటూ ఇటూ కాదు.

అడిగినవాడి పని అయిపోయినట్టే. చేయి పట్టుకుని కూర్చోబెడతాడు.

"1980లో కాలిఫోర్నియాలో సియెరా నెవాడా వాళ్ళు పేల్ ఏల్ మొదలెట్టారు. ఆ కంపెనీ పెట్టిన కెన్ గ్రాస్‌మన్ ఎవరనుకున్నావు? మనలాంటివాడే, ఇంట్లో కాసుకునేవాడు. అందులో కాస్కేడ్ అనే హాప్స్ వేశారు. పంపరపనస తొక్క వాసన. బాగానే ఉంటుంది. తర్వాత వచ్చినవాళ్ళు ఒకరిని మించి ఒకరు హాప్స్ కుమ్మేసి, వేపచెట్టును పిండి సీసాలో పోసినట్టు చేశారు. నాది అలా కాదు. హాప్స్ జర్మనీలోని హాలర్టావువి, నెమ్మదైన వాసన. ఈస్ట్ కొలోన్ ఊరిది, పెద్దమనిషి, తను వచ్చిపోయినట్టు కూడా తెలియనివ్వదు. మాల్ట్‌లో, అదే మొలకెత్తించిన బార్లీలో, కాస్త మ్యూనిక్ రకం కలిపితే కాల్చిన రొట్టె పెంకు రుచి. తీపి చేదును తొక్కకూడదు, చేదు తీపిని మింగకూడదు. అదీ బాలెన్స్!"

ఆ తర్వాత 1516 వస్తుంది. అది రాకుండా బావ సంభాషణ ముగిసినట్టు చరిత్రలో లేదు. ఆ సంవత్సరం బవేరియా ప్రభువులు ఒక శాసనం చేశారట. బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప మరేమీ పడకూడదట.

"మరి ఈస్ట్?" అన్నాను ఒకసారి.

"శాసనంలో దాని పేరు లేదు."

"అది లేకుండా బీరెలా అవుతుంది బావా?"

"అవదు."

బావ వాళ్ళమ్మ, మా అత్తయ్యగారి తరవాణి కుండకు కూడా ఇలాంటి శాసనమే ఉంది. గంజి, నీళ్ళు, అన్నం. పులియబెట్టేవాడి పేరు అందులోనూ లేదు. కాకపోతే ఆవిడ దాన్ని జర్మన్ టచ్ అనలేదు.

"నాలుగే దినుసులు" అంటాడు బావ. నిజమే. ఆ నాలుగు దినుసుల కోసం గరాజ్‌లో చేరినవి చెబుతాను, వినండి. 40 లీటర్ల స్టీలు డేగిశా. పెళ్ళి వంటలవాళ్ళకు సరిపోయే గ్యాసు పొయ్యి. కాగిన రసం చల్లార్చడానికి పాములా చుట్టిన రాగి గొట్టం. మూతిలో బుడగలు వదిలే గొట్టం బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు. సీసాలకు మూతలు నొక్కే మర. థర్మామీటర్లు మూడు. ఆ మూడింట్లో అబద్ధం చెబుతున్నది ఏదో పట్టుకోవడానికి నాలుగోది. చివరగా ఒక పాత ఫ్రిజ్. టెక్సస్ ఎండ మా అనకాపల్లి ఎండకు పెద్దన్న. ఆ కొలోన్ పెద్దమనిషికేమో 16 డిగ్రీల దగ్గర ఉంటేనే మర్యాదగా పనిచేసే అలవాటు. అందుకని ఈస్ట్ ఫ్రిజ్‌లో ఉంటుంది, కారు ఎండలో ఉంటుంది.

చట్టం ఏమంటుందని నాకు భయం వేసింది. 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో అక్కడ ఇంట్లో బీరు కాచుకోవడానికి పన్ను లేదట, అమ్మకూడదు అంతే. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే అయితే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరుంటే 200. "నా పేరు మీద వచ్చే 100 గ్యాలన్లు కూడా ఆయనే కాసేస్తున్నారు" అంది అక్క. "పుట్టింటివాళ్ళు పెట్టిన పసుపుకుంకుమలు పోయినా ఇంత బాధపడలేదురా."

కాపు ఉన్న శనివారం ఆ ఇంట్లో తద్దినం వాతావరణం. పొద్దున్నే స్నానం, ఎవరూ ఏమీ ముట్టుకోకూడదు, అన్నీ కడగాలి, కడిగినవి మళ్ళీ కడగాలి. నాలుగున్నర కిలోల మాల్ట్ నలగ్గొట్టి 66 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు నానబెడతాడు. గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. వేడి కాస్త తగ్గితే బీరు పలచన, పెరిగితే చిక్కన. వడకట్టిన తియ్యటి రసాన్ని ఇంకో గంట మరిగిస్తాడు. మొదట్లో వేసిన హాప్స్ చేదు ఇస్తాయి, దించేముందు వేసినవి వాసన ఇస్తాయి. మనం మెంతులు పోపులోనూ, కొత్తిమీర ఆఖర్లోనూ వేసినట్టే. అప్పుడు గబగబా చల్లార్చి ఈస్ట్ చల్లుతాడు. ఇక రెండు వారాలు కాపలా.

ఈ రెండు వారాలూ బావ మనిషి కాడు. మొదట 1.048 ఉన్న సాంద్రత 1.010కి దిగాలి. అంటే చక్కెర తరిగి, అయిదు శాతం సారాయి అయినట్టు లెక్క. ఒకసారి మాకు అర్ధరాత్రి ఫోన్. "1.014 దగ్గర ఆగిపోయిందిరా" అన్నాడు గొంతు తగ్గించి. ఐసీయూ బయట నిలబడి మాట్లాడే మనిషి గొంతు అది. మా ఆవిడ కంగారుపడి లేచి కూర్చుంది. ఎవరికి, ఏమిటి అని అడిగింది. ఈస్ట్‌కి అని చెప్పాక నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

ఇంత చేసి తను తాగేది ఒక్క గ్లాసు. మిగతా యాభై సీసాలూ స్నేహితులకు. ఇచ్చి, వాళ్ళు తాగుతున్నంతసేపూ వాళ్ళ మొహాలు చూస్తూ నిలబడతాడు. మొహమాటానికి పోయి "బాగుంది" అన్నారో, ఏది బాగుందో చెప్పమంటాడు.

మొన్న కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతరకని అనకాపల్లి వచ్చాడు. మర్నాడు ఉగాది. అత్తయ్యగారు పచ్చడి చేతిలో పోశారు. బావ నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, అటూ ఇటూ తిప్పి, "అమ్మా, వేపపువ్వు ముందుకొచ్చేసింది. బెల్లం వెనకబడింది. బాలెన్స్ లేదు" అన్నాడు.

"సమచ్చరం ఎలాగుంటాదో పచ్చడీ అలాగే ఉంటాది. తాగు" అందావిడ.

అసలు గొడవ ఆ సాయంత్రం జరిగింది. సూట్‌కేసులోంచి నాకు చూపించడానికని ఒక కవరు తీశాడు. లోపల పచ్చటి గుళికలు. మూతి విప్పగానే గది నిండా ఘాటు. మావయ్య వాలుకుర్చీలోంచి లేచారు.

"ఇదేటిరా?"

"హాప్స్ నాన్నా. ఒక తీగకి కాసే పువ్వులు."

"గంజాయి కంపు కొడతందేటి?"

ఇక్కడ మామూలు మనిషయితే "కాదు" అనేవాడు. బావ మామూలు మనిషి కాడు. "వృక్షశాస్త్రం ప్రకారం రెండూ ఒకే కుటుంబం నాన్నా, కానీ..." అన్నాడు.

ఆ 'కానీ' తర్వాతిది మావయ్య వినలేదు. వెళ్ళి వీధి తలుపు వేశారు. దొడ్డి తలుపూ వేశారు. "నర్సీపట్నం రోడ్డంతా చెకింగులు. ఈ వయసులో నన్ను స్టేషన్లో కూకోబెడతావేటి?" అన్నారు. 1968 ఎక్సైజ్ చట్టం కింద మనకు లైసెన్సు లేకుండా కాయడమే నేరం. నల్లబెల్లం బస్తా కనబడితే ఊటకేనేమో అని అనుమానం చూపు పడే ఊరు మాది. బావది డాలస్‌లో హాబీ, అనకాపల్లిలో కేసు. ఆ రాత్రి హాప్స్ పెరట్లో కరివేపాకు మొదట్లో సమాధి అయ్యాయి. "హాలర్టావు నుంచి వచ్చాయిరా" అన్నాడు బావ, మట్టి కప్పుతూ.

మావయ్య గురించి ఒక మాట చెప్పాలి. 1913 నుంచి చెరకు పరిశోధన కేంద్రం ఉన్న ఊరు, బెల్లం దిమ్మలతో దేశమంతా పేరు పడ్డ ఊరు మాది. బార్లీ అంటే ఒంట్లో వేడి చేసినప్పుడు కాచి తాగే నీళ్ళని తప్ప మాకు తెలీదు. ఆ ఊళ్ళో ఆయన నలభై ఏళ్ళు పెనం ముందు నిలబడి బెల్లం వండారు. థర్మామీటరు ఎరగరు. నురగ రంగు చూసి, బుడగ చప్పుడు విని, చన్నీళ్ళలో చుక్క వేసి పాకం చెప్పేవారు. ఆ వృత్తికి ఒక్కడే శత్రువు, పులుపు. నరికిన చెరకు వెంటనే ఆడాలి, ఆడిన రసం వెంటనే పెనం ఎక్కాలి. రసం పులిసిందా, బెల్లం గట్టిపడదు, ఆ రోజు కష్టం మట్టిపాలు. బావ చిన్నప్పుడు ఆ పాకలోనే పిప్పి మోపుల మీద పడుకునేవాడట. మావయ్య లేపి ఇంటికి తరిమేవారు. "సదువుకో. ఈ పొగలో నీకేటి పని?" అని.

ఈ ఏడాది అత్తయ్యగారినీ మావయ్యనూ డాలస్ తీసుకెళ్ళారు. మొదటి శనివారమే కాపు. అక్క ఫోన్‌లో నాకు ప్రత్యక్ష ప్రసారం పెట్టింది. మావయ్య లుంగీ కట్టుకుని, పైన బావ పాత జాకెట్టు తొడుక్కుని గరాజ్‌లో కుర్చీ వేసుకున్నారు. డేగిశా తట్టి చూశారు. "పెనం పరవాలేదు. మంట సాలదు" అన్నారు. వడకట్టిన రసం చెంచాడు నోట్లో వేసుకున్నారు. "బాగుంది. ఇక్కడితో ఆపెయ్యొచ్చు కదా?"

రసం మరగడం మొదలెట్టింది. బావ రెండో థర్మామీటరు మూడోదానితో ఎందుకు ఏకీభవించడం లేదో చూస్తున్నాడు. నురగ అంచు దాకా లేచింది. మావయ్య గభాలున లేచి, దోసెడు చన్నీళ్ళు చిలకరించి, బావ చేతిలోంచి గరిట లాక్కుని, మడ్డి తీసి నేల మీద విదిలించారు. ఆ నేల కడగడానికి బావకు పొద్దున గంట పట్టింది. నోరెత్తలేదు.

"ఇప్పుడు ఉండపాకం దాకా కాద్దామా?"

"కాదు నాన్నా. ఇప్పుడు చల్లార్చి... పులవబెట్టాలి."

మావయ్య చాలాసేపు కొడుకు మొహం చూశారు. తర్వాత ఫ్రిజ్ చూశారు.

"పులవడానికా? దానికి డబ్బులెట్టి బీరువా కొన్నావా?"

1516 నుంచి ఈనాటి దాకా ఏ సంవత్సరమూ బావకు సాయం రాలేదు.

రెండు వారాలు పోయాక అర్ధరాత్రి మళ్ళీ ఫోన్. ఈసారి మా ఆవిడే తీసింది, అలవాటు పడింది పాపం. "1.010 అని చెప్పమన్నారు" అంటూ నాకిచ్చింది.

"అయితే పండగే బావా. అంత గుసగుసలెందుకు?"

"నాన్న ఫ్రిజ్ పక్కనే కుర్చీ వేసుకుని ఉన్నాడురా. పది రోజులుగా అక్కడే. తలుపు సందులోంచి బుడగలు లెక్కపెడుతున్నాడు. ఫ్రిజ్ తలుపు తీస్తే నన్ను తిడుతున్నాడు."

"మరి అయిపోయిందిగా, పడుకోమను."

"చెప్పాను. బుడగ ఆగిపోయిందని దిగులు పడుతున్నాడు. ఇంకో పెనం పెట్టరా అంటున్నాడు."