మా ఇంటి కోటా పారిశ్రామికవేత్త

మా ఇంట్లో బియ్యానికి లోటు లేదు, కందిపప్పు ఉంది, మొన్ననే ఫ్యాను కూడా బాగు చేయించాం. లోటల్లా పారిశ్రామికవేత్త ఒక్కడే. ‘ఒక కుటుంబం, ఒక పారిశ్రామికవేత్త’ అంటూ రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో కొత్త పారిశ్రామిక విధానాలు ప్రకటించిన దగ్గర్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. రేషన్ కార్డులో నలుగురం ఉన్నాం. నలుగురిలో ఒక్కరైనా తేలకపోతే ఏలూరులో మా వీధి పరువేం కావాలి?

ఆదివారం టిఫిన్లయ్యాక కుటుంబ సభ పెట్టాను. మొదటి అవకాశం మా అత్తగారికిచ్చాను. ఆవిడ మాగాయకి బంధువర్గంలో పేరుంది. సీసాల్లో పెట్టి అమ్మితే ఎలా ఉంటుందన్నాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, ‘‘ఏమైనా ఇబ్బందుల్లో ఉన్నారా అల్లుడుగారూ?’’ అని మెడలో గొలుసు మీద చెయ్యి వేసింది. సభ అక్కడే భగ్నమయ్యేది. సర్దిచెప్పి మా ఆవిడ వైపు తిరిగాను.

‘‘తెల్లారగట్ల నాలుగున్నరకి లేచి, నలుగురికి వండి వార్చి, పాలవాడికీ పచారీ కొట్టుకీ లెక్క తేల్చి, మీ పెన్షనులో నెల ఈడ్చే మనిషిని ఏమంటారు?’’ అంది.

‘‘గృహిణి’’ అన్నాను.

‘‘ఆ పేరుకే జీతం లేదు. ఇంకో పేరు తగిలించకండి’’ అని లేచి వెళ్లిపోయింది.

ఇక మిగిలింది మా అబ్బాయి. నాలుగేళ్లు రోజూ రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్లి ఇంజినీరింగు చదివాడు. చదువైపోయి రెండేళ్లయింది. ‘‘నాకు ఉద్యోగం కావాలి నాన్నా’’ అన్నాడు. ఎంత చిన్న కోరిక! ఈ తరానికి ఆశయాలు లేవని పెద్దలు ఊరికే అనరు.

వాడిలో ఆశయం మొలిపిద్దామని గూడెంలో ఓ కాలేజీవారు పెట్టిన అవగాహన సదస్సుకి లాక్కెళ్లాను. వేదిక మీద ఏడు కుర్చీలు, ఏడు శాలువాలు, ఏడుగురు వక్తలు. ఏడుగురూ ఒకటో తారీకున జీతం పుచ్చుకునేవారే. ‘‘ఉద్యోగం అడిగే చెయ్యి కావద్దు, ఇచ్చే చెయ్యి కండి’’ అన్నారు మొదటాయన. రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్లుంది, ఆ చెయ్యి ఇంకా పుచ్చుకుంటూనే ఉంది. ‘‘రిస్కు తీసుకోనివాడు బతికీ దండగ’’ అన్నారు రెండో ఆయన. కిందికి దిగగానే డ్రైవరుకి ఫోన్ చేసి, కారు నీడలో పెట్టావా లేదా అని అడిగారు. గట్టు మీద కుర్చీ వేయించుకుని ఈత నేర్పే విద్యలో మనవాళ్లని మించినవాళ్లు లేరు.

సదస్సులో మొదటి బహుమతి ఓ ఉల్లిపాయల యాప్‌కి వచ్చింది. గూడెం ఉల్లి మార్కెట్ రాష్ట్రంలోనే పెద్ద పేరున్నది కదా, కర్నూలు లారీలూ మహారాష్ట్ర లారీలూ అక్కడే దిగుతాయి కదా, మధ్యలో ఉన్న కమీషన్ వ్యాపారిని తీసేసి ఫోన్లో అమ్మేద్దామని కుర్రాళ్ల ఆలోచన. చప్పట్లు మోగిపోయాయి. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒక్కడే కొట్టలేదు. ‘‘ఏమండీ, ఐడియా బాలేదా?’’ అన్నాను. ‘‘బానే ఉందండి. కాపోతే ఉల్లిపాయ ఫోన్లో కుళ్లదండి, బస్తాలో కుళ్లుద్దండి’’ అన్నాడు.

స్టేషనుకి నడిచొస్తూ దారి పొడుగునా లెక్కపెట్టాను. టీ కొట్లు, పల్లీల బండి, పంక్చర్లు వేసే చెట్టు నీడ, ఇస్త్రీ పెట్టె, జామకాయల బుట్ట, ఆటోలు. ఎవరికీ యజమాని లేడు, ఎవరికీ సెలవు లేదు. పారిశ్రామికవేత్తల కొరత ఎక్కడుందో నాకు అంతుపట్టలేదు. ఇంటికొచ్చి కేంద్రం వేసిన లెక్క చూశాను. 2023-24 శ్రామిక సర్వే ప్రకారం దేశంలో పనిలో ఉన్న ప్రతి వంద మందిలో 58 మంది స్వయం ఉపాధిలోనే ఉన్నారు. నెల జీతగాళ్లు 22 మంది కూడా లేరు. ఇంటి వ్యాపారంలో పైసా తీసుకోకుండా చేసే భార్యాబిడ్డలు కూడా ఆ 58లోనే కలిసున్నారు. మా ఆవిడకి అందులో కూడా చోటు దొరకలేదు.

అదే అమెరికాలో పనిచేసే వంద మందిలో తొంభై మంది దాకా ఒకరి దగ్గర జీతానికి పనిచేసేవారేనట. పాపం, ఆశయాల్లేని జాతి! స్వయం ఉపాధితోనే పేదరికం పోయేదైతే, అప్పు కోసం వాషింగ్టన్‌వాళ్లు వచ్చి మన గూడెం స్టేషను రోడ్డులో నిలబడాలి.

సోమవారం మా అబ్బాయిని ఓ బ్యాంకుకి తీసుకెళ్లాను. ముద్ర రుణాలు 2015 నుంచీ ఉన్నాయి. యాభై వేల దాకా అయితే ‘శిశు’, ఐదు లక్షల దాకా ‘కిశోర్’, ఆ పైన ‘తరుణ్’. తాకట్టు అడగకూడదన్నది నిబంధన. మేనేజరుగారు ఎంతో మర్యాదస్తులు, తాకట్టు అడగనే లేదు. ‘‘మీకు పెన్షను వస్తుందా మాస్టారూ?’’ అని మాత్రం అడిగారు. వస్తుందన్నాను. ఆయన మొహం వికసించింది. అంటే కుర్రాడి పరిశ్రమకి పునాది వాడి తెలివీ కాదు, నా ధైర్యమూ కాదు. నేను ముప్పై మూడేళ్లు రిస్కు తీసుకోకుండా చేసిన గుమస్తా ఉద్యోగం.

మర్నాడు పొద్దున్నే గుమ్మంలో కేక వినిపించింది. ‘‘చేపలండోయ్ అమ్మగారూ!’’

కొల్లేటి లంక నుంచి ఆటోలో వచ్చే మనిషి. ఎప్పటిలాగే చుట్టకుదురు మీంచి సత్తు బేసిన్ దించి, కత్తిపీట వేసుకుని కూర్చుంది. పైన బొచ్చె, శీలావతి. అడుగున, తడిగుడ్డ కింద, ప్రాణంతో కొట్టుకుంటున్న రెండు కొర్రమేనులు. సంచిలోంచి గుప్పెడు బూడిద తీసి చేపకి రాసింది, జారిపోకుండా. కాలి బొటనవేలితో కత్తిపీట తొక్కిపెట్టి, పొలుసు తీస్తూ, మాట్లాడుతూ, వీధి చివర ఇంకో గిరాకీ మీద కన్నేసి ఉంచింది. ఏడుగురు వక్తలూ కలిసినా ఇన్ని పనులు ఒక్కసారి చెయ్యలేరు.

‘‘మీ ఇంట్లో పారిశ్రామికవేత్తలు ఎవరైనా ఉన్నారా?’’ అన్నాను.

‘‘అంటే ఏంటండి?’’

‘‘సొంతంగా వ్యాపారం పెట్టినవాళ్లు.’’

ఆవిడ నవ్వింది. ‘‘మా మావగారి కాణ్ణించీ అదేకదండీ బాబుగారూ!’’

ఆవిడ చెప్పింది విన్నాక, మన రాష్ట్రంలో ఈ విధానం కొత్తగా వచ్చిందని ఎలా నమ్మానా అనిపించింది. జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రిగా ఉన్న 1970లలోనే ప్రభుత్వం కొల్లేట్లో సొసైటీలు పెట్టించి, చేపల చెరువులు తవ్వించి, వలేసుకుని బతికేవాళ్లని రాత్రికి రాత్రి చెరువు యజమానుల్ని చేసింది. ఆవిడ మామగారు కూడా అందులో ఓ వాటాదారు. చెరువైతే ఇచ్చారు గానీ, పిల్ల వెయ్యాలి, నెలల తరబడి తవుడూ వేరుశెనగ చెక్కా చిల్లుల సంచుల్లో కట్టి మేత పెట్టాలి, పట్టుబడి దాకా ఇంట్లో పొయ్యి వెలగాలి. వాటికి డబ్బేదీ? డబ్బున్నవాళ్లు పై ఊళ్ల నుంచి వచ్చారు, లీజుకి తీసుకున్నారు. మామగారికి ఏడాదికింత కౌలు. అదే చెరువు గట్టు మీద ఈవిడ మొగుడికి కాపలా ఉద్యోగం.

‘‘అంటే మీ చెరువుకి మీ ఆయనే కాపలా?’’

‘‘అవునండి. దొంగలెవరూ రాకుండా చూసుకునేవోడండి.’’

పేదవాణ్ణి యజమానిని చెయ్యడం ఎంత సులువో, యజమానిని తన ఆస్తికే జీతగాణ్ణి చెయ్యడం అంతకంటే సులువు. కలకత్తా లారీ ఎక్కిన చేపకి ఈ రెండిటి తేడా తెలియదు. ఐసు మధ్య హాయిగా పడుకుని హౌరా వెళ్లిపోయింది.

1999లో కొల్లేరు ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అయింది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకి ఎక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ వచ్చింది. పొక్లెయిన్లు దిగాయి, గట్లు పేల్చారు. తప్పని నేననను. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చే వరదకి నిలబడేందుకు చోటు కావాలి, ఉప్పుటేరుకి దారి కావాలి, ఆటపాక గూడకొంగలకి ఇల్లు కావాలి. కానీ చెరువు తెగిన రోజున లీజుదారు కారెక్కి ఇంకో ఊళ్లో ఇంకో చెరువు చూసుకున్నాడు. కాపలాదారు ఎక్కడానికి దోనె తప్ప ఏమీ మిగల్లేదు.

2006 గొప్ప సంవత్సరం. ఆ ఏడే బంగ్లాదేశ్ యూనస్‌గారికి, పేదలకి చిన్న అప్పులిచ్చే గ్రామీణ బ్యాంకుకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ ఏడే మన కృష్ణా జిల్లాలో వారంవారం వసూళ్ల బాధ పడలేక జనం గగ్గోలు పెడితే అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలకి తాళాలు వేశారు. నాలుగేళ్లకి, 2010 అక్టోబరులో, ఏకంగా ఆర్డినెన్సే తేవాల్సొచ్చింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం హైదరాబాదులో 104 బస్తీలు ఎంచుకుని, సగం చోట్ల ముందు అప్పులు ఇప్పించి, సగం చోట్ల ఆపించి చూసింది. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లలో కొందరు కాస్త పెంచుకున్నారు. సగటు ఇంట్లో తిండీ తిప్పలూ, పిల్లల చదువూ, ఆడవాళ్ల మాట చెల్లుబాటూ పెద్దగా మారిందేం లేదు. వాళ్లకీ 2019లో నోబెల్ వచ్చింది. అప్పిస్తే ఒక నోబెల్, ఆ అప్పుతో బతుకేం మారలేదని కనిపెట్టినవాళ్లకి ఇంకో నోబెల్. తీసుకున్నవాళ్లకి మాత్రం వాయిదా.

మన చేపలావిడ అన్ని పథకాలకీ న్యాయం చేసింది. డ్వాక్రా డబ్బుతో గేదెని కొంది. వరదల్లో గడ్డి దొరక్క అమ్మేసింది. కుట్టు మిషను తెచ్చుకుంది. లంకలో నలభై ఇళ్లకి పదకొండు మిషన్లు వచ్చాయి, గుడ్డ తెచ్చేవాళ్లే రాలేదు. ఆ తర్వాత ఈ బేసిను. ‘శిశు’ రుణం మూడుసార్లు తీసుకుంది, మూడుసార్లూ తీర్చింది, ఇప్పటికీ శిశువే. పొద్దున సరుకు తేవడానికి బ్యాంకులు తెరవవు కాబట్టి డైలీ ఫైనాన్సు. చేతికి తొమ్మిది వేలిస్తారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కడుతుంది. వాన పడినా, ఒంట్లో బాలేకపోయినా, కార్తీక మాసంలో ఊరంతా చేప మానేసినా ఆ వంద ఆగదు.

‘‘మూడు వ్యాపారాలు చేశావు! మా వాడికి కాస్త నువ్వు బుద్ధి చెప్పు’’ అన్నాను భక్తిగా.

ఆవిడ మా అబ్బాయి వైపు చూసింది. ‘‘చదూకున్నావు కదా బాబూ, ఏదైనా ఉద్యోగం చూసుకో. నెలకింతని చేతికొస్తే, రేపేంటో ఇయ్యాలే తెలుస్తదండి’’ అంది.

వాడు నా వైపు చూశాడు. నేను చేప వైపు చూశాను.

ఈలోగా మా ఆవిడ బేరం మొదలెట్టింది. సదస్సులో నాలుగు గంటలు పేదరిక నిర్మూలన మీద చప్పట్లు కొట్టి వచ్చిన నేను కూడా నా వంతుగా, ‘‘కిలో మీద ఇరవై తగ్గించు’’ అన్నాను. తగ్గించింది. చిల్లర లేదన్నాం. ‘‘పోయిన శుక్రారానిదీ, ఇయ్యాల్టిదీ కలిపి ఒకటో తారీకునే ఇవ్వండి. మీకు పెన్షనుంది కదా, ఎక్కడికి పోద్ది’’ అంది. సంతకం లేదు, తాకట్టు లేదు. మా ఇంటికి పెట్టుబడి పెడుతున్న సంస్థ ఏదో నాకప్పుడు తెలిసింది.

బేసిను ఎత్తుకుంటూ ఆగింది. ‘‘బాబుగారూ, ఒక చిన్న మాటండి. చీటీ పాడానండి, మా పిల్ల నర్సింగు ఫీజుకని. గవర్నమెంటోళ్లు ఎవరైనా జామీను సంతకం పెడితేగానీ డబ్బివ్వరంటండి.’’

నేను కళ్లజోడు కోసం వెతుక్కున్నాను. అది నా మొహం మీదే ఉంది. ‘‘రిస్కు కదమ్మా... ఆలోచించి చెబుతాను’’ అన్నాను.

‘‘పర్లేదండి’’ అని చుట్టకుదురు సర్దుకుంది. ‘‘బ్యాంకోళ్లు కూడా అలాగే చెప్పారండి.’’